స్తంభాలన్నీ ఒకే వైపు ఎందుకు తిరిగి ఉన్నాయి? పెద్ద నక్షత్రాలు వాయు మేఘాలను మార్చే తీరు

అడిగినవి మూడు ప్రశ్నలు. ఈగిల్ నెబ్యులా (నక్షత్రాలు పుట్టే ఒక వాయు మేఘం) ఫొటోలో కనిపించే స్తంభాల కొనలన్నీ ఒకే దిక్కుకు ఎందుకు తిరిగి ఉన్నాయి? పెద్ద నక్షత్రాలు తమ చుట్టూ ఉన్న మేఘాన్ని నాశనం చేస్తాయా, లేక అందులో కొత్త నక్షత్రాలు పుట్టేలా చేస్తాయా? ఆ స్తంభాలు ఎప్పుడో సూపర్‌నోవా (పెద్ద నక్షత్రం చివర్లో పేలిపోవడం) దెబ్బకు కూలిపోయాయని, మనం చూస్తున్నది పాత వెలుగేనని అంటారు, నిజమేనా?

ఇలాంటి మేఘాల రేడియో, పరారుణ డేటాతో చాలా కాలం పని చేశాను కాబట్టి అసలు విషయం ముందే చెప్పేస్తాను. మేఘం రూపాన్ని మార్చేది ప్రధానంగా సూపర్‌నోవా పేలుడే అని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదటి పేలుడు జరిగే సమయానికి పని చాలావరకు అయిపోయి ఉంటుంది. ఆ పని చేసేది నక్షత్రం బతికున్నంత కాలం ఆపకుండా వెదజల్లే అతినీలలోహిత కాంతి. అయితే ఆ కాంతి ఏ ఆకారాన్నీ శూన్యంలోంచి సృష్టించదు. మేఘంలో ఎక్కడ చిక్కగా ఉంది, ఎక్కడ పలచగా ఉంది అన్న తేడా అప్పటికే ఉంటుంది. కాంతి ఆ తేడాను ఎన్నో రెట్లు పెంచి మన కళ్లకు చూపిస్తుంది.

పెద్ద నక్షత్రం అంటే ఇక్కడ సూర్యుడి కంటే కనీసం 8 రెట్లు ద్రవ్యరాశి ఉన్నది. పుట్టే నక్షత్రాల్లో ఇవి నూటికి ఒకటి కూడా ఉండవు. కానీ ఒక కొత్త నక్షత్ర గుంపు ఇచ్చే వెలుగులో దాదాపు అంతా వీటిదే. సూర్యుడి ఉపరితలం 5,800 కెల్విన్ దగ్గర ఉంటే, ‘ఓ’ రకం అని పిలిచే అతి పెద్ద నక్షత్రాల ఉపరితలం 30,000 నుంచి 50,000 కెల్విన్ వరకు ఉంటుంది. అంత వేడి వస్తువు ఇచ్చే కాంతిలో పెద్ద వాటా అతినీలలోహితమే. అందులోనూ 91.2 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలకు హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడబెరికే శక్తి ఉంటుంది. దానికి కావలసింది 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక బలమైన ‘ఓ’ రకం నక్షత్రం ఇలాంటి ఫోటాన్లను (కాంతి కణాలను) సెకనుకు 1 పక్కన 49 సున్నాలు పెడితే వచ్చేటన్ని పంపుతుంది.

ఇప్పుడు మేఘం వైపు నుంచి చూద్దాం. నక్షత్రాలు పుట్టే మేఘాలు చాలా చల్లగా ఉంటాయి, 10 నుంచి 20 కెల్విన్. అంటే మైనస్ 260 డిగ్రీల సెల్సియస్ ప్రాంతం. అక్కడ హైడ్రోజన్ జంట పరమాణువుల అణువుగా ఉంటుంది. అతినీలలోహిత కాంతి తగలగానే అణువు విడిపోతుంది, తర్వాత ఒక్కో పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. ఒక్క అణువు ఉన్న చోట ఇప్పుడు నాలుగు కణాలు: రెండు ప్రోటాన్లు, రెండు ఎలక్ట్రాన్లు. ఉష్ణోగ్రత 8,000 నుంచి 10,000 కెల్విన్‌కు ఎగబాకుతుంది. కణాలు నాలుగు రెట్లు, వేడి అయిదారు వందల రెట్లు. ఆ ముక్కలో పీడనం చూస్తుండగానే 2 వేల రెట్లకు పైగా పెరుగుతుంది. పక్కన ఉన్న చల్లని వాయువు దీనికి ఎదురు నిలవలేదు.

ఇంకో లెక్క కూడా చూడాలి. చల్లని అణు మేఘంలో శబ్ద వేగం సెకనుకు 0.2 కిలోమీటర్లు మాత్రమే. వేడెక్కిన అయనీకృత (ఎలక్ట్రాన్లు ఊడిన) వాయువులో అది 10 కిలోమీటర్లు. వేడి వాయువు వ్యాకోచిస్తూ చల్లని వాయువులోకి తోసుకొస్తే, ముందున్న వాయువుకు సర్దుకునే వ్యవధే ఉండదు. షాక్, అంటే ఒక్కసారిగా నొక్కుకుంటూ వెళ్లే తరంగం, పుడుతుంది. షాక్ ముందుకు వెళ్లే కొద్దీ వాయువు ఒక పలచని, చిక్కని పొరగా పోగుపడుతుంది. పరారుణ ఫొటోల్లో మెరిసే ఉంగరాలుగా కనిపించేది ఎక్కువగా ఆ పొర అంచే.

ఈ వేడి ప్రాంతం ఎంత దూరం వ్యాపిస్తుందో 1939లో డెన్మార్క్ శాస్త్రవేత్త బెంగ్ట్ స్ట్రోమ్‌గ్రెన్ లెక్క కట్టాడు. ఊడిన ఎలక్ట్రాన్లు మళ్లీ ప్రోటాన్లతో కలుస్తూనే ఉంటాయి. కలిసిన ప్రతిదాన్నీ మళ్లీ విడగొట్టడానికి ఒక ఫోటాన్ ఖర్చవుతుంది. నక్షత్రం ఇచ్చే ఫోటాన్లన్నీ ఈ పనికే సరిపోయే చోట సరిహద్దు ఏర్పడుతుంది. మీ మొదటి ప్రశ్నకు కీలకం ఇక్కడే ఉంది: రెండు కణాలు ఎదురుపడితేనే కలయిక జరుగుతుంది కాబట్టి, దాని రేటు సాంద్రత వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఘన సెంటీమీటరుకు 100 కణాలున్న వాయువులో పైన చెప్పిన నక్షత్రం సుమారు 10 కాంతి సంవత్సరాల దూరం వరకు అయనీకరిస్తుంది. అదే నక్షత్రం ఘన సెంటీమీటరుకు 10,000 కణాలున్న వాయువులో అర కాంతి సంవత్సరం దగ్గరే ఆగిపోతుంది. సాంద్రత వంద రెట్లు పెరిగితే దూరం ఇరవై రెట్లకు పైగా తగ్గిందన్నమాట.

మేఘం అంతా ఒకే చిక్కదనంతో ఉండి ఉంటే మనకు చక్కని గోళాలే కనిపించేవి. అలా ఉండదు. 2009 నుంచి 2013 వరకు పనిచేసిన హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోప్ మన చుట్టుపక్కల మేఘాలను చూసినప్పుడు ఎక్కడ చూసినా పోగులు పోగులుగా అల్లుకున్న నిర్మాణమే కనబడింది. ఆ పోగులు కలిసే చోట్ల ముద్దలు, మధ్యలో దాదాపు ఖాళీ జాగాలు. అలాంటి మేఘం మధ్యలో పెద్ద నక్షత్రం వెలిగితే కాంతి పలచని దారుల్లో దూసుకుపోతుంది, ముద్దల దగ్గర ఆగిపోతుంది.

ముద్ద వెనక నీడ పడుతుంది. స్తంభం అంటే ఆ నీడే. గట్టి వాన కురిస్తే నేల కోసుకుపోయినా రాయి కింద ఉన్న మట్టి మాత్రం నిలిచిపోయి చిన్న దిబ్బలా మిగులుతుంది కదా, సూత్రం అదే. ఇక్కడ రాయి స్థానంలో చిక్కని వాయు ముద్ద ఉంది, వానకు బదులు అతినీలలోహిత కాంతి ఉంది. చుట్టూ ఉన్న పలచని వాయువు వేడెక్కి వెళ్లిపోతుంది, నీడలో ఉన్నది మిగిలిపోతుంది. నీడలన్నీ ఒకే వెలుగు వల్ల పడ్డాయి కాబట్టి కొనలన్నీ ఆ వెలుగు వైపే తిరిగి ఉంటాయి. ఈగిల్ నెబ్యులాలో ఆ వెలుగు ఎన్‌జీసీ 6611 అనే నక్షత్ర గుంపుది. ప్రసిద్ధమైన ఫొటోల్లో ఆ గుంపు చట్రానికి బయట, పైన ఉండిపోతుంది. అందుకే చూసేవారికి దిక్కు అర్థం కాదు. అదే నెబ్యులాను విశాలంగా తీసిన ఫొటో ఒకటి పక్కన పెట్టుకుని చూడండి, అనుమానం తీరిపోతుంది.

నీడ ఒక్కటే అన్నీ చేయదు. కొన మీద పడే కాంతి అక్కడి వాయువును ఆవిరి చేస్తూ ఉంటుంది. ఆ ఆవిరి నక్షత్రం వైపు ఎగజిమ్ముతుంటే, ముద్ద ఎదురు దిశలో వెనక్కి నెట్టబడుతుంది. రాకెట్‌ను నడిపే సూత్రమే ఇది, దీన్ని రాకెట్ ప్రభావం అనే పిలుస్తారు. పక్కల నుంచి వేడి వాయువు నొక్కడంతో స్తంభం ఇంకా సన్నబడుతుంది. లోపల అయస్కాంత క్షేత్రం కూడా ఉంది. 2018లో హవాయీలోని జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ టెలిస్కోప్‌తో చూస్తే ఈగిల్ స్తంభాల్లో ఆ క్షేత్రం స్తంభం పొడవు వెంటే సాగి ఉందని తేలింది. స్తంభం త్వరగా నలిగిపోకుండా అది కొంత ఆసరా ఇస్తుందని అనుకోవడానికి మంచి కారణమే ఉంది.

1995లో జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ హబుల్‌తో తీసిన ఆ ఫొటోలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం స్తంభాలు కావు, వాటి అంచుల నుంచి లేచే పలచటి పొగలాంటి చారలు. వాయువు ఆవిరై వెళ్లిపోతున్న దృశ్యం అది, నేరుగా కళ్ల ముందు. జేమ్స్ వెబ్ 2022లో తీసిన పరారుణ ఫొటోలో ఈ చారలు అంతగా కనబడవు. దుమ్మును దాటి చూడగలగడం వల్ల స్తంభాలే సగం పారదర్శకంగా మారిపోతాయి, లోపల పుడుతున్న ఎర్రటి చిన్న నక్షత్రాలు బయటపడతాయి. రెండు ఫొటోలూ ఒకే వస్తువువి, కానీ ఒకటి ఉపరితలం మీద జరుగుతున్నది చెబుతుంది, ఇంకొకటి లోపల జరుగుతున్నది. ఏది మెరుగు అని అడగకుండా రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడమంటాను.

కాంతి తర్వాత చెప్పుకోవలసింది నక్షత్ర పవనం. పెద్ద నక్షత్రాల నుంచి పదార్థం సెకనుకు 2,000 నుంచి 3,000 కిలోమీటర్ల వేగంతో బయటికి వీస్తుంది. అది చుట్టూ ఉన్న వాయువును గుద్దుకున్న చోట ఉష్ణోగ్రత కోట్ల డిగ్రీలకు చేరి ఎక్స్‌-కిరణాలు వస్తాయి. ఈ వేడి వాయువు లోపలే బందీగా ఉండిపోతే బ్రహ్మాండమైన బుడగ ఊదుతుందని 1970లలోనే లెక్కలు వేశారు. తీరా కొలిస్తే చాలా చోట్ల ఎక్స్‌-కిరణాలు ఆ లెక్కకు తగినంత లేవు. మేఘం గోడలకు చిల్లులు ఉండటంతో వేడి వాయువు వాటిలోంచి తప్పించుకుపోతుంది. కొంత వేడి గోడల దగ్గర చల్లని వాయువుతో కలిసి కూడా పోతుంది. అందుకని చాలాకాలం పవనాలను రెండో వరసలో పెట్టారు.

ఆ అంచనాను కాస్త కదిలించింది ఓరియన్ నెబ్యులా. మనకు సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ నెబ్యులాలో అసలు పెత్తనం తీటా 1 ఓరియోనిస్ సీ అనే ఒక్క నక్షత్రానిది. సోఫియా అనే టెలిస్కోప్‌ను బోయింగ్ 747 విమానంలో అమర్చి, నేల మీదికి చేరని పరారుణ కాంతిని పై గాలిలోంచి చూసేవారు. అది అయనీకృత కార్బన్ ఇచ్చే 158 మైక్రోమీటర్ల రేఖను కొలిచింది. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం, ఓరియన్ ముందున్న వాయు తెర సెకనుకు 13 కిలోమీటర్ల వేగంతో మన వైపు ఉబ్బుతున్న ఒక బుడగ పొర. అందులో సూర్యుడికి వెయ్యి రెట్లకు పైగా పదార్థం ఉంది. అంత పదార్థాన్ని అంత వేగంతో నెట్టింది ఆ నక్షత్రపు పవనమే అని ఆ పరిశోధకులు తేల్చారు. నా ఉద్దేశంలో దీనర్థం పవనమే ప్రధానం అని కాదు. నక్షత్రం కొత్తగా వెలిగిన మొదటి కొన్ని లక్షల ఏళ్లలో పవనం ముందుంటుంది, గోడలకు చిల్లులు పడ్డాక అయనీకరణ పీడనం పైచేయి సాధిస్తుంది. ఏది ముఖ్యం అన్నది ఎప్పుడు, ఎక్కడ కొలిచారు అన్నదాని మీద ఆధారపడుతుంది.

ఓరియన్ నెబ్యులా మనకు ఇంత అందంగా కనబడటానికి కూడా ఇలాంటి కారణమే ఉంది. ఆ నక్షత్రం మేఘం నడిమధ్యలో కాక, మన వైపు ఉన్న అంచుకు దగ్గరగా పుట్టింది. ఆ వైపు గోడ పలచగా ఉండటంతో వేడి వాయువు దాన్ని చీల్చుకుని బయటికి పారుతోంది. 1979లో టెనోరియో-టాగ్లే ఇలాంటి ప్రవాహానికి షాంపేన్ ఫ్లో అని పేరు పెట్టాడు. వెనక వైపు మాత్రం చిక్కని మేఘం అలాగే ఉంది, అందులో ఇంకా నక్షత్రాలు పుడుతున్నాయి.

కాంతి నేరుగా దుమ్ము మీద కలిగించే ఒత్తిడి కూడా ఒకటుంది. మామూలు నెబ్యులాల్లో అది చిన్నది. పెద్ద మెజెల్లానిక్ మేఘం అనే మన పొరుగు గెలాక్సీలోని 30 డొరాడస్ నెబ్యులా లాంటి చోట, ఆర్136 అనే గుంపులో భారీ నక్షత్రాలు కిక్కిరిసి ఉండే నడిమధ్యలో మాత్రం అది నిజంగా లెక్కలోకి వస్తుంది.

ఇక రెండో ప్రశ్న, నాశనమా, సృష్టా? నా జవాబు: మొత్తం మీద నాశనమే, అక్కడక్కడా సృష్టి.

ఎందుకో చెబుతాను. మామూలు అణు మేఘం నుంచి తప్పించుకోవడానికి వాయువుకు సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగం చాలు. అయనీకృత వాయువు వేగమే 10 కిలోమీటర్లు. కాబట్టి కాంతి తగిలిన వాయువులో చాలా భాగం మేఘాన్ని వదిలి వెళ్లిపోతుంది. దగ్గరి గెలాక్సీల్లో మేఘాలను, వేడి నెబ్యులాలను విడివిడిగా పటం గీసి పోల్చినప్పుడు, ఒక మేఘం ఆయుష్షు 1 నుంచి 3 కోట్ల ఏళ్లని, పెద్ద నక్షత్రాలు బయటపడ్డాక 10 నుంచి 50 లక్షల ఏళ్లలోపే అది చెదిరిపోతుందని తేలింది. అతి పెద్ద నక్షత్రం కూడా పేలడానికి 30, 40 లక్షల ఏళ్లు పడుతుంది. చాలా చోట్ల మేఘం పేలుడు కంటే ముందే ఖాళీ అవుతోంది. మొదట్లో నేను చెప్పిన మాటకు గట్టి సాక్ష్యం ఇదే.

దీని ప్రభావం గెలాక్సీ అంతటా ఉంటుంది. మన పాలపుంతలో సుమారు 100 కోట్ల సూర్యుళ్లకు సరిపడా అణు వాయువు ఉంది. గురుత్వాకర్షణకు అడ్డే లేకపోతే ఏటా వందల సూర్యుళ్లు పుట్టాలి. నిజంగా పుట్టేది ఏటా రెండు సూర్యుళ్ల బరువంత. మేఘంలోని అల్లకల్లోలం, అయస్కాంత క్షేత్రం కూడా అడ్డుపడతాయి, నిజమే. కానీ మేఘం మొత్తం ఖర్చు కాకముందే దాన్ని చెదరగొట్టేది పెద్ద నక్షత్రాలే.

మరి ప్రేరిత నక్షత్ర జననం, అంటే పెద్ద నక్షత్రాల ఒత్తిడి వల్ల కొత్తవి పుట్టడం, మాటేమిటి? 1977లో బ్రూస్ ఎల్మెగ్రీన్, చార్ల్స్ లాడా ఒక అందమైన ఆలోచన ఇచ్చారు. విస్తరించే వేడి ప్రాంతం ముందు పోగుపడ్డ పొర బరువెక్కి, తన గురుత్వానికి తానే ముక్కలై కొత్త పెద్ద నక్షత్రాలను కంటుంది, అవి మళ్లీ తమ ముందున్న మేఘాన్ని నెడతాయి, అలా వరసగా తరాలు నడుస్తాయి. రెండో దారి, ఉన్న ముద్దనే వేడి వాయువు చుట్టూరా నొక్కి కూల్చడం. ఉంగరం అంచున పసి నక్షత్రాలు కనబడిన ప్రతిసారీ ఈ రెంటిలో ఒకటి జరిగిందని రాసే అలవాటు మా రంగంలో చాలాకాలం నడిచింది. నాకు ఆ తొందర నచ్చదు.

ఆర్‌సీడబ్ల్యూ 120 అనే బుడగను తీసుకోండి. పాఠ్య పుస్తకంలోంచి తీసినట్టుండే గుండ్రటి ఉంగరం, అంచున చిక్కని ముద్దలు, వాటిలో పుడుతున్న భారీ నక్షత్రాలు. చాలా ఏళ్ల పాటు ఇది పోగుపడి కూలడానికి ఆదర్శ ఉదాహరణ. తర్వాత సోఫియా కొలతల్లో ఆ బుడగ సెకనుకు 15 కిలోమీటర్ల వేగంతో విస్తరిస్తోందని, వయసు లక్షన్నర ఏళ్లకు లోపేనని 2021లో తెలిసింది. దాన్ని వేగంగా జరిగిన ప్రేరణగా చదివినవారు ఉన్నారు. అంత తక్కువ సమయంలో పొర పోగుపడి, ముక్కలై, భారీ నక్షత్రాలు పుట్టే దశకు రావడం కష్టమని నాకు అనిపిస్తుంది. ఆ ముద్దలు ముందే ఉండి, బుడగ వాటిని చేరి నొక్కిందనుకోవడం సులువు. కంప్యూటర్ సిమ్యులేషన్లు కూడా జాగ్రత్తనే నేర్పుతున్నాయి. ఒకే మేఘాన్ని రెండుసార్లు నడిపి, ఒకసారి పెద్ద నక్షత్రాల కాంతిని ఆపేసి చూస్తే, అంచున కనబడే పసి నక్షత్రాల్లో చాలావరకు కాంతి లేకపోయినా పుట్టేవేనని తేలుతుంది. ఒక ఫొటోను చూసి ఏది ప్రేరితం, ఏది కాదు అని చెప్పడం దాదాపు అసాధ్యం.

బుడగలు ఎంత మామూలో మాత్రం సందేహం లేదు. స్పిట్జర్ టెలిస్కోప్ పరారుణ చిత్రాల్లో వేలాది స్వచ్ఛంద వీక్షకులు కలిసి వెతికితే, 2012 నాటికి మన పాలపుంతలోనే 5,106 బుడగలు దొరికాయి. వెబ్ టెలిస్కోప్ ఎన్‌జీసీ 628 అనే గెలాక్సీని చూసినప్పుడు అందులో దాదాపు 1,700 బుడగలు లెక్కకొచ్చాయి.

సూపర్‌నోవాలను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. ఒక్కో పేలుడు శక్తి, సూర్యుడు తన 1,000 కోట్ల ఏళ్ల జీవితమంతా ఇచ్చే వెలుగుతో సమానం. కాంతి, పవనం ముందే దారులు తెరిచి ఉంచడంతో ఆ శక్తి సొంత మేఘంలో ఇరుక్కోకుండా దూరం వెళుతుంది. వందల కాంతి సంవత్సరాల నిర్మాణాలు అలా తయారవుతాయి. మన సూర్యుడు ఉన్నది కూడా అలాంటి ఒకదాని లోపలే. లోకల్ బబుల్ అనే ఈ ఖాళీ ప్రాంతం సుమారు 1,000 కాంతి సంవత్సరాల వెడల్పు ఉంటుంది. 2022లో వచ్చిన అధ్యయనం ప్రకారం 1.4 కోట్ల ఏళ్ల కిందట మొదలైన సుమారు 15 సూపర్‌నోవాలు దీన్ని ఊదాయి, మన దగ్గరి నక్షత్ర జనన ప్రాంతాలన్నీ దీని గోడ మీదే ఉన్నాయి. ప్రేరణ వాదానికి ఇప్పటివరకు నేను చూసిన వాటిలో బలమైన సాక్ష్యం ఇదే. అక్కడి వాదన ఒక ఫొటో మీద కాకుండా, గాయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల దూరాలు, కదలికల మీద నిలబడింది.

చివరి ప్రశ్న. ఈగిల్ స్తంభాలు 6,000 ఏళ్ల కిందటే కూలిపోయాయన్న మాట 2007లో మొదలైంది. స్పిట్జర్ చిత్రాల్లో కనబడ్డ వేడి దుమ్మును సూపర్‌నోవా షాక్ వేడి చేసిందని కొందరు ఊహించారు. అంత దగ్గర్లో, అంత ఇటీవల పేలుడు జరిగి ఉంటే దాని అవశేషం రేడియోలోనూ, ఎక్స్‌-కిరణాల్లోనూ గట్టిగా కనబడాలి. అలాంటిది దొరకలేదు. దుమ్ము వేడెక్కడానికి పక్కనే ఉన్న భారీ నక్షత్రాలే చాలు.

2015లో చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ మీద ఉన్న మ్యూజ్ పరికరంతో స్తంభాల నుంచి ఎంత వాయువు ఆవిరవుతోందో కొలిచారు. పది లక్షల ఏళ్లకు సుమారు 70 సూర్యుళ్ల బరువు పోతోంది. మొత్తం స్తంభాల్లో మిగిలింది దాదాపు 200 సూర్యుళ్ల బరువు. ఆ లెక్కన ఇంకో 30 లక్షల ఏళ్లు ఉంటాయి. అక్కడి నుంచి వెలుగు మనల్ని చేరడానికి పట్టేది సుమారు 6,500 ఏళ్లే. కాబట్టి మీరు ఫొటోలో చూస్తున్న స్తంభాలు ఈరోజుకీ అక్కడ ఉన్నాయనే నిశ్చింతగా అనుకోవచ్చు. ఇంకో సంగతి కూడా ఆ కొలతల్లో బయటపడింది. ఫొటోలో ఒకే వరసలో నిలబడ్డట్టున్న ఈ స్తంభాలు నిజానికి ఒకే దూరంలో లేవు. ఎడమ వైపు పెద్ద స్తంభం కొన నక్షత్ర గుంపుకు వెనకగా ఉండి మన వైపు వాలి ఉంది, మిగతావి గుంపుకు ముందున్నాయి. అందుకే ఎడమ స్తంభం కొన అంత మెరుస్తుంది, వెలుగు పడే ముఖం మనకు ఎదురుగా ఉంది కాబట్టి.